చెప్పులు విడిచి ఎక్కే కారు

మా ఆయన కుడికాలు షుగరు వల్ల పోయిందని అందరూ అంటారు. ఆసుపత్రి కాగితాల్లోనూ అలాగే రాశారు. చూడ్డానికి వచ్చినవాళ్లు బత్తాయిల కవరు బల్ల మీద పెట్టి, "ఏం చేస్తామండీ, మాయదారి షుగరు" అని నిట్టూర్చి, కాఫీ తాగి వెళ్లారు. నేనూ తలూపాను. ఎంతమందికని విడమరిచి చెప్పను? షుగరు ఒక్కటే కాదండీ బాబూ, మొండితనం. ఆ మొండితనానికి ఒక పాత కారు తోడైంది, కారుకి ఒక మీట తోడైంది. అన్నీ కలిసి మనిషి కాలు మింగేశాయి.

ఇంకో సంగతి ముందే చెప్తాను. ఎదురుగా ఉంటే ఆయన్ని "మీరు" అనే అంటాను. వెనక మాత్రం "అన్నాడు, చేశాడు" అనే వస్తుంది నోటికి. అంత మంట నాకు. ఏమీ అనుకోకండి.

మాది తెనాలి. పెళ్లైన కొత్తలోనే హైదరాబాదు వచ్చేశాం. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఇల్లు. నేను చెప్పే రోజుల్లో ఆ సందులో గోడలకి సున్నం కనిపించేది కాదు. జావా నేర్పుతాం, ఒరాకిల్ నేర్పుతాం, టెస్టింగ్ నేర్పుతాం అని అంటించిన కాగితాలే. మేడ మీద ఆడపిల్లల హాస్టల్ పెట్టాను. పొద్దున్నే ఇడ్లీలు తిని, తడి జడలతో క్లాసులకి పరుగెత్తేవాళ్లు పిల్లలు. ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చి మంచం ఖాళీ అయితే సాయంత్రానికల్లా ఇంకో అమ్మాయి దాని మీద సూట్‌కేసు పెట్టేసేది. ఊళ్లో అందరికీ ఉద్యోగాలొస్తున్న ఆ రోజుల్లోనే మా ఆయన రామ్మోహనరావుకి ఉద్యోగం పోయింది. సనత్‌నగర్‌లో మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవాడు. ఫ్యాక్టరీ మూసేసి, షెడ్డు పడగొట్టి, ఆ జాగాలో అపార్టుమెంట్లు లేపారు.

అప్పట్నించీ ఆయన "హాస్టల్ అంకుల్" అయిపోయాడు. నేను వంట చేయిస్తుంటే కరివేపాకు తెచ్చిపెట్టడం, నీళ్ల మోటారు వెయ్యడం, గ్యాసు సిలిండరు వస్తే గేటు తియ్యడం, అంతే పని. మా అమ్మాయి మంజూష హైటెక్ సిటీలో ప్రోగ్రాములు రాసేది. తండ్రి ఏదైనా చెప్పబోతే "సరే నాన్నా, తర్వాత" అని ఫోను చెవిన పెట్టుకునేది. దాన్నని లాభం లేదు, దాని తీరిక అంతే. ఆ ఇంట్లో ఆయన మాట చెల్లే చోటు ఒక్కటే మిగిలింది. వాకిట్లో ఉన్న క్రీము రంగు అంబాసిడర్.

ఆ కారు సంగతి చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు. ఫ్యాక్టరీలో ప్రమోషన్ వచ్చినప్పుడు కొన్నాడు. కొన్న రోజు నించీ అది ఆయనకి బండి కాదు, సాక్షాత్తూ లక్ష్మి. శుక్రవారం వస్తే తలుపు కింద అంచుకి, ఇంటి గడపకి రాసినట్టే, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాలి. చెప్పులతో ఎక్కకూడదు. ఆయన తలుపు తీసి, చెప్పులు విడిచి, వంగి వాటిని సీటు కింద సంచిలో పెట్టి, ఒట్టి కాళ్లతో ఎక్కి కూర్చునేవాడు. నడపడమూ ఒట్టి కాళ్లతోనే. ఎక్కేవాళ్లందరికీ అదే రూలు. హాస్టల్ పిల్లల్ని ఇంటర్వ్యూలకి దింపుతానని బయల్దేరేవాడు. పాపం ఆ పిల్లలు ఇస్త్రీ బట్టలు, కొత్త బూట్లు వేసుకుని వస్తే, "బూట్లు విప్పి ఎక్కమ్మా" అనేవాడు. వాళ్లు నవ్వుకుంటూ విప్పేవాళ్లు. మా కారుకి "గుడి కారు" అని పేరు పెట్టారు. మా తమ్ముడు బుల్లబ్బాయి ఒకసారి బూట్లు విప్పనని పంతం పడితే బేగంపేటలో నడిరోడ్డు మీద దింపేసి వచ్చాడు. బావమరిది కదా అని కూడా చూళ్లేదు. చోద్యం కాకపోతే ఏంటండీ ఇది?

కానీ ఒకటి ఒప్పుకోవాలి. స్టీరింగు పట్టుకుంటే మనిషే మారిపోయేవాడు. నడుము నిటారుగా అయ్యేది, గొంతు లేచేది. "అద్దం ఎక్కించు", "చెయ్యి లోపల పెట్టు" అంటే మంజూష కూడా మాట్లాడకుండా వినేది. దిగాక మళ్లీ కరివేపాకే.

ఆ ఏడు చలికాలం చివర్లో మొదలైంది గొడవ. అమీర్‌పేట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న ఆటోని వెనక నించి గుద్దాడు. "బ్రేకు తొక్కాను, పట్టలేదు" అన్నాడు. బ్రేకు తొక్కితే బండి ముందుకెందుకు దూకుతుంది? తొక్కింది యాక్సిలరేటరు. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, ఆటోకి సొట్ట పడింది. కొన్నాళ్లకి మా గేటు స్తంభానికే గీకించాడు. అప్పుడు మంజూష గట్టిగా పట్టుకుంది.

"నాన్నా, ఇక చాలు. బండి అమ్మేద్దాం. నీకేమన్నా అయితే ఏం చెయ్యాలి? రోడ్డు మీద ఎవరికన్నా అయితే?"

"కాలు జారిందే. మనిషన్నాక జారదా?" అన్నాడు.

ఆ మధ్యే పంజాగుట్టలో ఒక డాక్టరుకి చూపించుకుని వచ్చాడు, ఒక్కడే. "ఏమన్నాడండీ?" అంటే, "ఏముంది, షుగరు కాస్త ఎక్కువుందిట. తీపి తగ్గించమన్నాడు" అన్నాడు. సరే కదా అని కాఫీలో పంచదార మానేశాను, ఇంట్లో బెల్లం ముక్క కనపడనివ్వలేదు. డాక్టరు గురించి నాకు తెలిసింది అంతవరకే.

మే నెలలో బెజవాడలో బుల్లబ్బాయి గృహప్రవేశం వచ్చింది. మంజూష రైలు టికెట్లు తీస్తానంది. ఈయన ససేమిరా అన్నాడు, కార్లోనే వెళ్దామన్నాడు. తండ్రీ కూతుళ్లు అన్నాల దగ్గర కూడా అదే రభస. చివరికి మంజూష కంచం ముందు చెయ్యి చాపింది.

"సరే నాన్నా. బెజవాడ దాకా ఎక్కడా తగలకుండా, నాకు గుండె దడ పుట్టకుండా నడిపి చూపించు. ఇక జన్మలో అమ్మమని అనను. అలా కాకపోతే, వచ్చిన మర్నాడే అమ్మకానికి పెడతాను. నువ్వు నోరెత్తకూడదు. ఒట్టేనా?"

"ఒట్టే" అని దాని చేతిలో చెయ్యి వేశాడు. వేశాడే గానీ మొహం పాలిపోయింది. ఆ తర్వాత ముద్ద సరిగ్గా దిగలేదు ఆయనకి. రోజూ వెళ్లి కార్లో కూర్చునేవాడు, స్టార్టు చెయ్యకుండానే పెడల్స్ మీద కాళ్లు మార్చి మార్చి పెట్టి, కిందికి వంగి చూసుకునేవాడు. వయసైపోతోంది, భయం పట్టుకుంది పాపం, అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"కుసుమా, కారుకి క్రూజ్ కంట్రోల్ పెట్టిస్తున్నా."

"ఏంటండీ అది?"

"రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మీట నొక్కితే బండి అదే వేగంతో అలా పోతూనే ఉంటుంది. యాక్సిలరేటరు మీద కాలు పెట్టక్కర్లేదు. ఫారిన్ కార్లలో ఉంటుందిలే."

"ఈ డబ్బాకి ఫారిన్ సోకులు కూడానా?"

"డబ్బా అనకు" అన్నాడు. నిజంగానే కోపం వచ్చింది ఆయనకి.

పంజాగుట్టలో ఒక సందులో ఇస్హాక్ అని కార్లకి కరెంటు పని చేసేవాడు. ఎన్నో ఏళ్ల నించీ మా కారు వైర్లు, బ్యాటరీ అన్నీ అతనే చూస్తాడు. మా మంజూష పుట్టినప్పుడు మిఠాయి తిన్న మనిషి. ఏం తగలేస్తున్నాడో చూద్దామని నేనూ వెళ్లాను. ఇస్హాక్ బానెట్ ఎత్తి, అరచెయ్యంత నల్లటి డబ్బా ఒకటి చూపించాడు. దాన్నించి ఒక ఇనప తీగ వేలాడుతోంది.

"ఇంజన్ గాలి గుంజుకుంటది కదమ్మా, గా గుంజుడుతోని గీ డబ్బా తీగను గుంజుతది. సాబ్ కాలు చేసే పని గిదే చేస్తది. బ్రేకు మీద జర కాలు పెట్టంగనే ఇడ్సిపెడ్తది. ఏం ఫికర్ లేదు."

"పాత బండి కదా ఇస్హాక్, తట్టుకుంటుందా?"

"బండికేమైతదమ్మా, మస్తుగున్నది" అన్నాడు.

చక్రాలు తిప్పే ఇరుసుకి అయస్కాంతం ముక్కలు బిగించాడు. స్టీరింగు పక్కన చిన్న మీట పెట్టాడు. వైర్లు పోనివ్వడానికి డ్రైవరు కాళ్ల కింద మ్యాటు ఎత్తాడు. దాని కింద దళసరి గుడ్డ పొర ఒకటి ఉంది, చేత్తో పట్టుకుంటే పొడి పొడిగా రాలింది. "ఎన్నేండ్లదో సాబ్ ఇది, ఏం పనికొస్తది?" అని ఇస్హాక్ అంటున్నాడు. అంతలో హాస్టల్ నించి ఫోను. మా వంటమ్మాయి రుద్రమ్మ, అన్నం సగం ఉడికాక గ్యాసు అయిపోయిందని గగ్గోలు. ఆటో ఎక్కి వచ్చేశాను. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు.

సాయంత్రం కారు తెచ్చి వాకిట్లో పెట్టి, పెళ్లికొడుకులా దిగాడు. తీరా కనుక్కుంటే నలభై దాటితే గానీ ఆ మీట పట్టదట.

"అమీర్‌పేటలో మనం నలభై ఎప్పుడు దాటామండీ? సిగ్నల్ నించి సిగ్నల్‌కి పాకడమేగా!" అన్నాను. హాస్టల్ పిల్లలు మేడ మీంచి ఒకటే నవ్వు.

పంతానికి నన్ను ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డుకి తీసుకెళ్లాడు. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, మీట నొక్కి, కుడికాలు తీసి పక్కన పెట్టి, తొడ మీద చరిచి, "చూడు, కాలు ఖాళీ!" అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకూ నవ్వాగలేదు. నిజం చెప్తున్నా, ఆ పూట ఆ మనిషంటే నాకు ముద్దొచ్చింది.

గృహప్రవేశానికి ముందురోజు చీకటుండగానే లేచి బయల్దేరాం. ఎల్బీనగర్ దాటేసరికి తెల్లారింది. ముందు సీట్లో ఆయన పక్కన నేను. వెనక మంజూష, చేతులు కట్టుకుని, పరీక్ష హాల్లో మేష్టరులా. ముగ్గురి చెప్పులూ సంచిలో. చౌటుప్పల్ దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయింది. ఆయన మీట నొక్కి, కుడికాలు తీసి కింద రేకు మీద ఆనించాడు. అప్పుడు చూశాను, కింద మ్యాటు లేదు.

"మ్యాటేదండీ?"

"ఇస్హాక్ కొత్తది వేస్తానన్నాడు. వచ్చాక చూద్దాంలే."

కారు ఒకే వేగంతో పోతోంది, కుదుపు లేదు. లారీ అడ్డమొస్తే బ్రేకు నొక్కుతున్నాడు, దారి ఇస్తే మళ్లీ మీట, మళ్లీ కాలు రేకు మీద. బ్రేకు నొక్కిన ప్రతిసారీ మాత్రం ఒక్క క్షణం కిందికి చూస్తున్నాడు.

"రోడ్డు చూడండి. కాళ్లకేసి చూస్తారేంటి?" అన్నాను.

"కొత్త మీట కదా" అన్నాడు. మీటకీ కాళ్లకీ ఏం సంబంధమో నేను అడగలేదు.

నకిరేకల్ వచ్చేసరికి ఎండ చుర్రుమంటోంది. నా కాళ్ల కిందే నిలవలేనంత వేడి. నా వైపు మ్యాటు ఉండి కూడా అరికాళ్లు చురుక్కుమంటే, రెండు కాళ్లూ పైకి తీసుకుని సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"అబ్బబ్బ, పెనంలా ఉంది కింద. మీకు కాలట్లేదూ?"

"ఎండాకాలం కాలక చల్లగా ఉంటుందా? నాకేం ఫర్వాలేదు."

కాలు అక్కడే ఉంది. కదపలేదు. కనీసం వేళ్లు కూడా ముడవలేదు. నేనేమనుకున్నానో తెలుసా? కూతురి ముందు నిబ్బరం చూపిస్తున్నాడనుకున్నాను. మొండిఘటం, పందెం నెగ్గడానికి పళ్లు బిగబట్టి ఓర్చుకుంటున్నాడనుకున్నాను. ఓర్చుకోడానికి అక్కడ నొప్పంటూ ఉంటే కదా! ఆ సంగతి నాకేం తెలుసు?

సూర్యాపేటలో టిఫిన్ తిని మళ్లీ బయల్దేరాం. కొంతసేపటికి వెనక సీటు నించి గురక వినిపించింది. మేష్టరుగారు నిద్రపోయారు. ఆయన అద్దంలో కూతుర్ని చూసుకుని, నాకేసి తిరిగి కళ్లెగరేశాడు. దుర్గమ్మ కొండ కనిపిస్తుండగా మంజూష లేచింది. ముందుకి వంగి తండ్రి భుజాల మీద చేతులు వేసింది.

"నువ్వు నెగ్గావు నాన్నా. బ్రహ్మాండంగా నడిపావు. నేను నిద్రపోయానంటే చూడు! ఇక బండి జోలికి రాను."

"నేను చెప్పలా?" అన్నాడాయన. ఫ్యాక్టరీ మూసేశాక ఆ మొహంలో అంత కళ నేను చూడలేదు.

మర్నాడు గృహప్రవేశం. బుల్లబ్బాయి ఇల్లంతా తెల్లటి చలవరాయి వేయించాడు. పూజయ్యాక మా మరదలు సుమశ్రీ గుడ్డ పట్టుకుని వచ్చి, "ఎవరు వదినా, పసుపునీళ్ల కాళ్లతో ఇల్లంతా తిరిగేశారు?" అని విసుక్కుంది. చూస్తే రాయి మీద తడి మరకలు, పచ్చగా, జిగటగా. ఆడవాళ్లందరి కాళ్లకీ పసుపే కదా ఆ రోజు. ఎవరు పట్టించుకుంటారు? సుమశ్రీ తుడిచేసింది. అన్నీ కుడికాలి మరకలే అని నాకు గుర్తొచ్చింది ఎప్పుడో, ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు.

తిరుగు ప్రయాణానికి ఆయన మేజోళ్లు వేసుకుని వచ్చాడు. మే నెలలో, మేజోళ్లు!

"ఇదేంటండీ కొత్త సింగారం?"

"చెప్పు కరిచింది. దుమ్ము పడకుండా వేసుకున్నా" అన్నాడు. ఆ పుండు కాలినే తీసుకెళ్లి మళ్లీ అదే రేకు మీద పెట్టి అమీర్‌పేట దాకా నడిపాడు. దారంతా పాటలు కూడా పాడాడు.

ఇంటికొచ్చాక పడక ముందు గదిలోకి మార్చాడు. "నీ గురకకి నిద్ర పట్టట్లేదు" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా పట్టిన నిద్ర ఇప్పుడు పట్టదట. స్నానానికి వెళ్తే గంట. మేజోళ్లు ఆయనే ఉతుక్కునేవాడు, ఎప్పుడూ చేతిరుమాలు కూడా ఉతుక్కోని మనిషి. ఈలోగా హాస్టల్ పిల్లలు గొడవ మొదలుపెట్టారు. "ఆంటీ, కింద ఏదో వాసనొస్తోంది." ఎలక చచ్చిందేమోనని రుద్రమ్మా నేనూ అటకలు దులిపాం. ఫినాయిలు పోసి కడిగించాను. తగ్గలేదు. డ్రైనేజీ వాళ్లకి ఫోను చేస్తే వచ్చి సందులో మూత తీసి నీళ్లు కొట్టారు. ఈ మహానుభావుడు గుమ్మంలో నిలబడి, "అటు కొట్టండయ్యా, ఇటు కొట్టండయ్యా" అని వాళ్లకి పురమాయించాడు. వాసన ఎక్కణ్ణించి వస్తోందో తెలిసిన ఒకే ఒక్క మనిషి! తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు భగ్గున మండుతుంది.

ఒక సాయంత్రం చలిజ్వరంతో మంచం అదిరిపోయేలా వణికాడు. మంజూష ఆఫీసు నించి వచ్చి, దుప్పటి తీసి, మేజోడు లాగింది. లాగి, అలాగే నేల మీద కూలబడింది. నేను చూసింది నేను చెప్పలేను, వదిలెయ్యండి.

పంజాగుట్టలో ఆసుపత్రిలో చేర్చాం. పాదంతో ఆగదు, మోకాలి కింద దాకా తియ్యాలన్నారు, లేకపోతే మనిషి దక్కడన్నారు. ఆయనే సంతకం పెట్టాడు. ఆపరేషనయ్యాక షుగరు డాక్టరు వచ్చాడు. మా ఆయన అంతకు ముందు ఒక్కడే వెళ్లి చూపించుకున్న డాక్టరే. నన్ను పక్కకి పిలిచాడు.

"ఏంటమ్మా ఇది? నేను ఆ రోజే చెప్పాను కదా. అరికాలికి సూది గుచ్చితే తెలియట్లేదు ఈయనకి. ఇంట్లో కూడా ఒట్టి కాళ్లతో నడవొద్దు, డ్రైవింగ్ మానెయ్యాలి అన్నాను. మీకు చెప్పలేదా?"

"నాకు పంచదార గురించి చెప్పాడండీ" అన్నాను.

బయటికొస్తే వరండాలో ఇస్హాక్. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. నన్ను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నేను సాబ్‌కు చెప్పినమ్మా, కసమ్, ఒట్టేసి చెప్తున్న. కింద సైలెన్సర్ పైపు లీకున్నది, రేకు మస్తు గరమైతది, మ్యాటు లేకుంట దూరం పోకుండ్రి, రెండు దినాలు ఆగుండ్రి, కొత్తదేస్త అన్న. ఆగలే. గట్లయితే బూట్లన్న ఏస్కొని పోండ్రి సాబ్ అన్న. 'నా బండిల బూట్లా?' అని నా మీదికి లేసిండు. కాల్తే సాబే కాలు గుంజుకుంటడు కద అనుకున్ననమ్మా. సాబ్ కాలుకు సోయి లేదని నాకు తెల్వది. తెలిస్తే తాళాలిస్తుంటినా?"

అతన్ని ఏమనను? వరండా బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. కూర్చుని లెక్క చూసుకున్నాను. కాలు మొద్దుబారిందని డాక్టరుకి తెలుసు, కింద రేకు కాలుతుందని తెలియదు. రేకు కాలుతుందని ఇస్హాక్‌కి తెలుసు, కాలు సంగతి తెలియదు. నేను పక్కనే కూర్చున్నాను, ఆ కాలు ఒట్టి రేకు మీద ఉండడం కళ్లారా చూశాను, ఆ కాలికి ఏమీ తెలియదన్న సంగతి నాకు తెలియదు. అన్నీ తెలిసినవాడు ఒక్కడే. ఎవరి ముక్క వాళ్లకి పంచిపెట్టి, ఒకళ్ల మాట ఇంకొకళ్ల చెవిన పడకుండా కాపలా కాశాడు. ఆ తెలివితేటలేవో ఫ్యాక్టరీలో చూపించి ఉంటే మేనేజరు అయ్యేవాడు.

ఆయనకి తెలివొచ్చి, మాట్లాడే ఓపిక వచ్చేదాకా ఆగాను. ఆగి అడిగాను.

"ఎందుకు చెప్పలేదండీ?"

గోడవైపు తిరిగాడు. "చెప్తే బండి అమ్మేసేవాళ్లుగా."

"కాలు కన్నా బండి ఎక్కువైపోయిందా మీకు? చెప్పండి! కాలు కన్నానా?"

"ఆ కాలు ఉంటే మాత్రం ఏం చేసేవాణ్ణి కుసుమా?" అన్నాడు, గోడకే. "కరివేపాకు తెచ్చేవాణ్ణి."

తిట్టడానికి ఎన్నో మాటలు దాచుకుని వెళ్లాను. బయటికొచ్చి కొళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

ఇంటికి తెచ్చాం. కారు వాకిట్లో అలాగే ఉంది. నేను అమ్మేయమని మంజూషని పట్టుకున్నాను. అది ఏడుస్తూ, "ఒట్టు వేశానమ్మా. నాన్న నెగ్గాడు కదా" అంది. నెగ్గాడట! ఆ మాట వింటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆయన చంక కర్రలతో నడవడం నేర్చుకున్నాడు. మనుషులతో మాట్లాడడు, పెట్టింది తింటాడు. ఒక శుక్రవారం పిల్లలందరూ క్లాసులకి వెళ్లాక కాఫీ తీసుకెళ్లి చూస్తే మంచం ఖాళీ. బాత్రూములో లేడు. వాకిట్లోకి పరుగెత్తాను.

కారు అంచుకి పచ్చగా, కొత్తగా పసుపు రాసి ఉంది. ఎలా వంగాడో, ఎలా రాశాడో. కర్రలు రెండూ తలుపుకి ఆనించి ఉన్నాయి. తలుపు పక్కన నేల మీద ఎడమకాలి చెప్పు, ఒక్కటే, తీరుగా విడిచి ఉంది. లోపల ఆయన స్టీరింగు పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. నన్ను చూసి మొహం వెలిగింది.

"కుసుమా, ఇస్హాక్‌ని ఒకసారి రమ్మను. యాక్సిలరేటరు సంగతి మీట చూసుకుంటుంది. బ్రేకు కూడా చేతికి అందేలా పెట్టించామంటే..."

చేతిలో కాఫీ గ్లాసు నేల మీద పెట్టాను. ఆ ఒంటి చెప్పు చూశాను. ఇంకా విడుస్తున్నాడండీ ఈ మనిషి! ఒక కాలు తినేసిన దానికి రెండోది కూడా ఒట్టిగా తెచ్చి పెడుతున్నాడు. చుట్టూ తిరిగి వెళ్లి, నా వైపు తలుపు లాగాను.

"చెప్పులు, కుసుమా" అన్నాడు, అలవాటుగా, మెల్లగా.

నేను విడవలేదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో మొదటిసారి, పసుపు రాసిన అంచు మీద చెప్పుకాలు వేసి తొక్కి, ఎక్కి, ఆయన పక్కన కూర్చున్నాను. రెండు చెప్పులూ ముందుకి చాపి కింద గట్టిగా ఆనించాను. ఆయన నా కాళ్లకేసి చూశాడు. కాలు తీసేస్తామన్నప్పుడు ఏడవని మనిషి, కట్లు విప్పినప్పుడు ఏడవని మనిషి, నా చెప్పులు చూసి స్టీరింగు మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడవనీ అనుకున్నాను. కాళ్లు మాత్రం వెనక్కి తీసుకోలేదు.